వంద కిలోల బ్యాచ్‌లో లోహం ఖర్చు ఎక్కడుంటుంది?

జీడిమెట్ల, బొల్లారం, పాశమైలారం, గడ్డపోతారం. హైదరాబాద్ చుట్టూ ఏ పారిశ్రామికవాడకు వెళ్లినా, అక్కడి బల్క్ డ్రగ్ ప్లాంట్లలో లోహంతో నడిచే రియాక్షన్ ఏదో ఒకటి కనిపిస్తుంది. ఒకచోట పలాడియంతో ఎరైల్ బ్రోమైడ్‌ను బోరానిక్ యాసిడ్‌కు అతికించే సుజుకి కప్లింగ్, మరోచోట మెగ్నీషియంతో బ్రోమైడ్‌ను చురుకైన రీయేజెంట్‌గా మార్చే గ్రిన్యార్డ్, ఇంకోచోట ఇనుప పొడితో నైట్రోను ఎమీన్‌గా మార్చే నైట్రో రిడక్షన్. ల్యాబ్‌లో 5 గ్రాముల మీద చక్కగా నడిచిన రియాక్షన్ 100 కిలోలకు వచ్చేసరికి గిట్టుబాటు కాదు, లేదా ప్లాంట్‌లో మాట వినదు. అప్పుడు అందరికీ ముందు తట్టేది లోహం మార్చడం. పలాడియం తీసేసి నికెల్ పెడదాం, నికెల్ కూడా తీసేసి ఇనుము పెడదాం అంటారు.

ఆ ఆలోచనలో తప్పేమీ లేదు, కానీ అది మొదటి అడుగు కాదు. లోహం ఎంత పడుతోంది? పని అయ్యాక ఎక్కడికి పోతోంది? దాన్ని బయటికి లాగడానికి ఎంత సాల్వెంటు, ఎన్ని గంటలు, ఎంత సరుకు ఖర్చవుతున్నాయి? ఈ మూడూ లెక్క తేలాకే ఏ లోహం అన్న చర్చకు విలువ.

ఈ రియాక్షన్లలో లోహం రెండు రకాలుగా పనిచేస్తుంది. పలాడియం, నికెల్, రాగి లాంటివి ఉత్ప్రేరకాలుగా కొద్ది మోతాదులో పడి, మళ్లీ మళ్లీ చక్రం తిరుగుతాయి. మెగ్నీషియం, జింకు, ఇనుము, మాంగనీసు లాంటివి మోలుకు మోలు కరిగి ఉప్పుగా మారిపోతాయి. మొదటి రకంలో ఖర్చు లోహం ధరలోనూ, దాన్ని పీపీఎం (పది లక్షల్లో ఒక భాగం) స్థాయికి దించడంలోనూ ఉంటుంది. రెండో రకంలో లోహం చవకే. ఖర్చంతా వేడిని అదుపు చేయడంలో, వర్కప్‌లో (రియాక్షన్ అయ్యాక ప్రొడక్టును విడదీసే పనిలో), మిగిలే మడ్డిలో ఉంటుంది. రెండింటికీ ఒకే మందు పనికిరాదు.

పలాడియం లెక్క

లెక్క వేసి చూస్తే విషయం సులభంగా తెలుస్తుంది. అణుభారం 250 ఉన్న ఎరైల్ బ్రోమైడ్ 100 కిలోలతో సుజుకి కప్లింగ్ అనుకుందాం, అంటే 400 మోల్స్. ల్యాబ్ నోట్‌బుక్‌లో 3 మోల్ శాతం టెట్రాకిస్ (ఫాస్ఫీన్‌లు అతుక్కున్న పలాడియం ఉత్ప్రేరకం) అని ఉంది. ఆ ప్రకారం 12 మోల్స్ కావాలి. టెట్రాకిస్ అణుభారం సుమారు 1155 కాబట్టి బ్యాచ్‌కు 13.9 కిలోల టెట్రాకిస్, అందులో పలాడియం దాదాపు 1.28 కిలోలు. పలాడియం గ్రాము 3,000 రూపాయలు అనుకుంటే లోహం ఒక్కటే 38 లక్షలు. 2022 మార్చిలో ఔన్సు ధర 3,000 డాలర్లు దాటి, తర్వాత చాలా కిందికి దిగింది. అందుకే ఇలాంటి లెక్కను ఒకే ధరతో వేసి వదిలేయకుండా, ధర రెట్టింపయితే ఏమవుతుందో కూడా పక్కన రాసుకోవాలి.

టెట్రాకిస్‌తో ఇంకో సమస్య వెంట వస్తుంది. ప్రతి పలాడియంకూ నాలుగు ట్రైఫినైల్‌ఫాస్ఫీన్‌లు ఉంటాయి. 12 మోల్స్ టెట్రాకిస్ నుంచి 48 మోల్స్ ఫాస్ఫీన్ వచ్చి, ఆక్సైడ్‌గా మారితే 13 కిలోలు దాటుతుంది. ట్రైఫినైల్‌ఫాస్ఫీన్ ఆక్సైడ్ నీటిలోకి పోదు, చాలా ప్రొడక్టులతో కలిసే స్ఫటికమవుతుంది. ల్యాబ్‌లో సిలికా కాలమ్ వేసి శుద్ధి చేస్తారు కాబట్టి ఈ బాధ కనిపించదు. 100 కిలోల మీద కాలమ్ ఎవరూ వేయరు.

అదే రియాక్షన్‌ను 0.3 శాతం పలాడియం ఎసిటేట్, దానికి రెట్టింపు మోల్స్ ట్రైఫినైల్‌ఫాస్ఫీన్‌తో నడపగలిగితే కావాల్సింది 270 గ్రాముల ఎసిటేట్, 630 గ్రాముల ఫాస్ఫీన్. పలాడియం 128 గ్రాములు, అంటే 4 లక్షల లోపే. లోహం మార్చకుండానే పదో వంతుకు దిగింది. లోహం మార్చే ముందు లోడింగ్ (ఉత్ప్రేరకం మోతాదు) తగ్గించి చూడాలని గట్టిగా చెప్పేది ఇందుకే.

మరి 3 శాతం నుంచి 0.3కి దించితే ల్యాబ్‌లో రియాక్షన్ మధ్యలో ఎందుకు ఆగిపోతుంది? చాలాసార్లు కారణం ఉత్ప్రేరకం కాదు, దాన్ని చంపేస్తున్న వస్తువులు. 3 శాతం ఉన్నప్పుడు అందులో సగం చచ్చినా పని నడుస్తుంది. 0.3 శాతం ఉన్నప్పుడు నడవదు. ముందుగా చూడాల్సినవి ఇవి.

ఆక్సిజన్. ప్లాంట్‌లో రియాక్టర్‌కు వాక్యూమ్ పెట్టి నైట్రోజన్‌తో విరగ్గొట్టడం మూడుసార్లు చేస్తారు. దాంతో పైనున్న గాలి పోతుంది, సాల్వెంటులో కరిగిన ఆక్సిజన్ పూర్తిగా పోదు. డిప్ పైపు ద్వారా ద్రవం అడుగు నుంచి నైట్రోజన్ కనీసం గంటసేపు బుడగలుగా వెళ్లాలి. బేస్, నీళ్లు, సాల్వెంటు, బ్రోమైడ్ అన్నీ లోపల ఉన్నాక ఈ పని చేసి, ఉత్ప్రేరకాన్ని చివర్లో వేయాలి. ఉత్ప్రేరకం వేసిన మ్యాన్‌హోల్ తెరిచే ఉంచి తాపీగా మూస్తే, చేసిన పనంతా వృథా. ఆక్సిజన్ మిగిలితే బోరానిక్ యాసిడ్ రెండు అణువులు ఒకదానితో ఒకటి కలిసిన హోమోకప్లింగ్ ఇంప్యూరిటీ హెచ్‌పీఎల్‌సీలో (కలిసిన పదార్థాలను విడదీసి శిఖరాలుగా చూపే పరీక్షలో) పెరుగుతుంది. డీగ్యాసింగ్ సరిగా జరిగిందా లేదా చెప్పే నమ్మకమైన సాక్షి ఆ శిఖరమే.

బోరానిక్ యాసిడ్ నాణ్యత. మూడు అణువులు మూడు నీటి అణువులను వదిలి బోరాక్సిన్ అనే ఎన్‌హైడ్రైడ్‌గా మారుతాయి. హెచ్‌పీఎల్‌సీలో రెండూ ఒకే శిఖరంగా కనిపిస్తాయి. ఫినైల్‌బోరానిక్ యాసిడ్ అణుభారం 122, ఎన్‌హైడ్రైడ్‌లో ఒక్కో యూనిట్‌కు 104. పూర్తిగా ఎన్‌హైడ్రైడ్ అయిన డ్రమ్ము నుంచి అదే బరువు తూస్తే 17 శాతం ఎక్కువ మోల్స్ పడతాయి. తడిగా ఉన్న డ్రమ్ము నుంచి తూస్తే తక్కువ పడతాయి. ఒక సప్లయర్ లాట్‌తో పూర్తయిన రియాక్షన్ ఇంకో లాట్‌తో 94 శాతం దగ్గర ఆగిపోవడానికి ఇదో మామూలు కారణం. ఎన్‌ఎంఆర్ ఎస్సే పెట్టుకుని, దాన్నిబట్టి తూకం సరిచేసుకోవాలి.

ఛార్జింగ్ క్రమం. అన్నీ ఒకేసారి వేసి 80 డిగ్రీలకు వేడిచేయడం ల్యాబ్ అలవాటు. కప్లింగ్ కూడా వేడి పుట్టించేదే, పైగా ఒక్కోసారి కాసేపు కదలకుండా ఉండి ఒక్కసారిగా అందుకుంటుంది. బోరానిక్ యాసిడ్‌ను ద్రావణంగానో స్లర్రీగానో గంటా రెండు గంటలు నెమ్మదిగా వేస్తే వేడి అదుపులో ఉంటుంది. బోరాన్ ఊడిపోయే సైడ్ రియాక్షన్‌కు దొరికే సమయమూ తగ్గుతుంది. చాలా సందర్భాల్లో 1.3 ఈక్వివలెంట్లు (బ్రోమైడ్ మోలుకు 1.3 మోల్స్) పట్టిన చోట 1.05 సరిపోతుంది.

ఇంకో మాట. లైగాండ్ లేని పలాడియంతో ఎరైల్ బ్రోమైడ్ల హెక్ రియాక్షన్లలో (ఆల్కీన్‌కు అతికించే కప్లింగ్‌లలో) 0.01 నుంచి 0.1 శాతం దగ్గరే మెరుగ్గా నడుస్తుందని తెలుసు. ఎక్కువ వేస్తే పలాడియం పరమాణువులు ఒకదానికొకటి అతుక్కుని నల్లటి పొడిగా అడుగున చేరతాయి. తక్కువ ఉంటే అవి ఒకదానికొకటి దొరకవు. దీన్ని ఈ రంగంలో హోమియోపతిక్ పలాడియం అంటారు. కాబట్టి రియాక్షన్ నల్లబడి ఆగిపోతే ఇంకొంచెం ఉత్ప్రేరకం వేయడం అన్నివేళలా విరుగుడు కాదు. తగ్గించి కూడా ఒకసారి చూడాలి.

ఇంత చెప్పాక కూడా, 100 కిలోల బ్యాచ్‌లో అన్నింటికంటే సులభంగా డబ్బు మిగిల్చేది లోహం కాదు, సాల్వెంటు. 3,000 లీటర్ల రియాక్టర్‌లో 2,400 లీటర్లు నింపుతాం అనుకుంటే, 20 వాల్యూమ్స్ (కిలోకు 20 లీటర్లు) వాడే ప్రాసెస్‌లో బ్యాచ్ 120 కిలోలే. 8 వాల్యూమ్స్‌కు తెస్తే 300 కిలోలు. అదే రియాక్టర్, అదే షిఫ్టు, అదే ఆవిరి. డయాక్సేన్‌ను వదిలి టోలుయిన్-నీళ్లు, ఐపీఏ (ఐసోప్రొపనాల్)-నీళ్లు, లేదా 2-మిథైల్ టీహెచ్‌ఎఫ్ (టెట్రాహైడ్రోఫ్యూరాన్)-నీళ్లు పెట్టుకుంటే ఈ దారి చాలావరకు తెరుచుకుంటుంది. డయాక్సేన్‌కు తుది మందులో 380 పీపీఎం పరిమితి కూడా ఉంది.

లోహాన్ని బయటికి లాగడం

మందుల్లో లోహ మలినాల మీద అంతర్జాతీయ మార్గదర్శకమైన ఐసీహెచ్ క్యూ3డీ ప్రకారం నోటి ద్వారా తీసుకునే మందులో పలాడియం రోజుకు 100 మైక్రోగ్రాములు దాటకూడదు. రోజు మోతాదు 10 గ్రాములన్న లెక్కలో అది 10 పీపీఎం. ఇంజెక్షన్‌కు ఈ హద్దు పదో వంతే.

పైన చెప్పిన బ్యాచ్‌లో 85 కిలోల ప్రొడక్టు వచ్చింది అనుకోండి. 3 శాతం లోడింగ్‌లో వేసిన పలాడియం అంతా ప్రొడక్టుతోనే వస్తే 15,000 పీపీఎం, 0.3 శాతంలో 1,500 పీపీఎం. దించాల్సింది 10కి. లోడింగ్ తగ్గించడం వల్ల రెండోసారి కలిగే లాభం ఇక్కడే.

పలాడియం ఏ రూపంలో మిగిలిందన్నదాన్నిబట్టి విరుగుడు మారుతుంది. లోహంగా నల్లబడిన భాగం సన్నటి కణాలైతే హైఫ్లో (వడపోత పొడి) బెడ్ మీద ఆగుతుంది. ఇంకా సన్నటి కొల్లాయిడ్ అయితే దాటిపోతుంది. అప్పుడు యాక్టివేటెడ్ కార్బన్ పట్టుకుంటుంది. కరిగిన పలాడియం(II) రూపం, ముఖ్యంగా ప్రొడక్టులోని నైట్రోజన్‌కో గంధకానికో అతుక్కున్నది, కార్బన్‌కు లొంగదు. దానికంటే గట్టిగా లోహాన్ని పట్టుకునే గంధకం ఉన్న వస్తువు కావాలి. ఎన్-అసిటైల్ సిస్టీన్, ట్రైమెర్కాప్టోట్రైజీన్, థయాల్ అతికించిన సిలికా అలాంటివే.

చవకగా మొదలుపెట్టాలంటే ఎన్-అసిటైల్ సిస్టీన్. 5 శాతం నీటి ద్రావణాన్ని బైకార్బొనేట్‌తో తటస్థం చేసి, ప్రొడక్టు ఉన్న ఆర్గానిక్ లేయర్‌తో 50–60 డిగ్రీల దగ్గర గంటసేపు తిప్పి లేయర్ విడగొట్టాలి. చల్లగా కడిగితే సగమే దిగుతుంది, వేడి ముఖ్యం. కార్బన్ అయితే ప్రొడక్టు బరువులో 5 నుంచి 10 శాతం వేసి, అదే వేడిలో రెండు గంటలు తిప్పి వడకట్టాలి. ఇక్కడ అందరూ మరిచిపోయే లెక్క ఒకటుంది. కార్బన్ ప్రొడక్టును కూడా పీల్చుకుంటుంది. 3 శాతం పీల్చుకుంటే 85 కిలోల్లో 2.5 కిలోలు పోయాయి. కిలో 40 వేల సరుకైతే లక్ష రూపాయలు. కార్బన్ బిల్లు చూసి చవక అనుకోవడం మోసపోవడమే. ఫిల్టర్ కేక్‌ను వేడి సాల్వెంటుతో కడిగి, ఆ కడిగిన సాల్వెంటును విడిగా పరీక్షించి, ఎంత వెనక్కి వస్తుందో తేల్చుకోవాలి.

స్కావెంజర్ (లోహాన్ని పట్టుకునే వస్తువు) ఎంపిక ఊహతో కుదరదు. నిజమైన రియాక్షన్ మాస్ నుంచి 10 మిల్లీలీటర్ల చొప్పున ఎనిమిది వయల్స్ పెట్టి, ఒక్కోదాంట్లో ఒక్కో రకం వేసి, 60 డిగ్రీల దగ్గర నాలుగు గంటలు తిప్పి, వడకట్టి ఐసీపీకి (లోహాల మోతాదు కొలిచే పరీక్షకు) పంపితే ఒక రోజులో జవాబు వస్తుంది. ప్రొడక్టు ఎంత మిగిలిందో హెచ్‌పీఎల్‌సీ కూడా అదే వయల్ మీద చేయాలి. గంధకం మిగిలితే తర్వాతి స్టెప్పులో ఉన్న హైడ్రోజినేషన్ చచ్చిపోతుందన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. కప్లింగ్ తర్వాత పలాడియం కార్బన్‌తో డీబెంజైలేషన్ ఉన్న రూట్లలో, థయాల్ వాడిన బ్యాచ్‌లు హైడ్రోజన్ తీసుకోకుండా మొండికేయడం ఈ కారణంగానే.

పలాడియం పట్టిన కేక్‌ను మామూలు వ్యర్థాలతో కలపకుండా విడిగా, బరువు తూచి, నమూనా తీసి దాచితే రిఫైనరీలు లోహం విలువ లెక్కగట్టి వెనక్కి ఇస్తాయి. ఎండిన పలాడియం కార్బన్ సాల్వెంటు ఆవిరి తగిలితే గాలిలో దానంతటదే అంటుకుంటుంది. ఫిల్టర్ విప్పే ముందు నీళ్లతో తడిపి, తడిగానే డ్రమ్ములో పెట్టాలి.

కరగని ఆధారం మీద పలాడియాన్ని కూర్చోబెట్టి ఈ తంటా అంతా తప్పించుకోవచ్చన్న ఆలోచనకు మన ఊళ్లోనే మంచి ఉదాహరణ ఉంది. తార్నాకలోని ఐఐసీటీలో (భారతీయ రసాయన సాంకేతిక సంస్థలో) బి.ఎం. చౌదరి, ఎం. లక్ష్మీకాంతం బృందం మెగ్నీషియం-అల్యూమినియం పొరల హైడ్రాక్సైడ్ మీద నానో పలాడియాన్ని నిలిపి, ఫాస్ఫీన్ లైగాండ్ లేకుండా, మొండివైన క్లోరోఎరీన్‌లతో సైతం హెక్, సుజుకి, సోనోగషిరా, స్టిల్లె తరహా కప్లింగ్‌లు చేసి 2002లో ప్రచురించింది. క్లోరైడ్లు బ్రోమైడ్ల కంటే చవక కాబట్టి ఇలాంటి పనికి రెండు వైపులా విలువ. అయితే ఏ ఆధారిత ఉత్ప్రేరకాన్ని ప్లాంట్‌కు తెచ్చినా ఒక పరీక్ష తప్పదు. సగం కన్వర్షన్ దగ్గర, వేడిగా ఉండగానే వడకట్టి, ఫిల్ట్రేట్‌ను అదే వేడిలో కొనసాగించాలి. రియాక్షన్ ముందుకు సాగితే పని చేస్తున్నది కరిగిన పలాడియమే. చల్లార్చి వడకడితే కరిగిన లోహం మళ్లీ ఆధారం మీద కూర్చుని, అంతా బాగుందన్న భ్రమ కలుగుతుంది.

గ్రిన్యార్డ్: చవక లోహం, ఖరీదైన వేడి

మెగ్నీషియం ధర గురించి ఎవరూ కంగారుపడరు. విక్టర్ గ్రిన్యార్డ్‌కు 1912లో నోబెల్ తెచ్చిన ఈ రియాక్షన్‌లో కంగారు పెట్టేది వేడి, అది మొదలయ్యే క్షణం.

బ్రోమైడ్ నుంచి గ్రిన్యార్డ్ తయారవుతున్నప్పుడు మోలుకు సుమారు 300 కిలోజూళ్ల వేడి పుడుతుంది. 1.5 మోలార్ ద్రావణంలో లీటరుకు 450 కిలోజూళ్లు. టీహెచ్‌ఎఫ్ లీటరుకు డిగ్రీకి 1.6 కిలోజూళ్లు మోస్తుంది అనుకుంటే, ఆ వేడంతా ఒకేసారి వచ్చి ఎటూ పోకపోతే ఉష్ణోగ్రత 250 డిగ్రీలకు పైగా ఎగబాకాలి. వేసిన బ్రోమైడ్‌లో పదో వంతు రియాక్ట్ కాకుండా పోగుపడి, ఒక్కసారిగా అంటుకున్నా 25 డిగ్రీలు లేస్తుంది. టీహెచ్‌ఎఫ్ 66 డిగ్రీలకే మరుగుతుంది. 50 దగ్గర నడుస్తున్న రియాక్టర్‌కు అది చాలు.

అందుకే మొదటి నియమం: రియాక్షన్ మొదలైందని రుజువు కాకుండా బ్రోమైడ్ ముందుకు పోకూడదు. మొత్తం బ్రోమైడ్‌లో 5 శాతం మాత్రమే వేసి ఆగాలి. జాకెట్ ఉష్ణోగ్రతను మార్చకుండా ఉంచితే లోపలి ఉష్ణోగ్రత దానంతటదే 5–10 డిగ్రీలు లేచి, మళ్లీ దిగాలి. ఆ గీత రికార్డర్ మీద కనిపించకపోతే, గంటైనా రెండు గంటలైనా ఆగాల్సిందే. మొదలవడం లేదని ఇంకో 5 శాతం, ఇంకో 5 శాతం వేసుకుంటూ పోవడం వల్లే ప్రమాదాలు జరుగుతాయి.

మొదలవకపోవడానికి రెండే కారణాలు: మెగ్నీషియం మీదున్న ఆక్సైడ్ పొర, లోపలి తేమ. పొరకు అయోడిన్ చిటికెడు, లేదా 1,2-డైబ్రోమోఈథేన్ మెగ్నీషియంలో 1 శాతం, లేదా డైబాల్ (ఒక అల్యూమినియం హైడ్రైడ్) కొద్దిగా. అన్నింటికంటే చవకైన మందు మాత్రం ముందు బ్యాచ్ గ్రిన్యార్డ్ ద్రావణాన్ని 2–3 శాతం నైట్రోజన్ కింద దాచుకుని తర్వాతి బ్యాచ్‌లో వేయడం. అది తేమను తినేస్తుంది, పొరను కదిలిస్తుంది, రియాక్షన్ వెంటనే అందుకుంటుంది. తేమ విషయంలో కేఎఫ్ (కార్ల్ ఫిషర్ నీటి పరీక్ష) 0.05 శాతం లోపు ఉండాలి. సాల్వెంటు కేఎఫ్ మాత్రమే చూసి బ్రోమైడ్ డ్రమ్ము కేఎఫ్ వదిలేయడం వర్షాకాలంలో తరచూ జరిగే తప్పు.

ఇప్పుడు చల్లార్చడం. 1,000 లీటర్లు, 1.2 మోలార్, అంటే 1,200 మోల్స్, పుట్టే వేడి 360 మెగాజూళ్లు. 2,000 లీటర్ల గ్లాస్‌లైన్డ్ రియాక్టర్‌లో తడిసిన జాకెట్ విస్తీర్ణం 7 చదరపు మీటర్లు, వేడి బదిలీ గుణకం చదరపు మీటరుకు డిగ్రీకి 250 వాట్లు అనుకుందాం. లోపల 50, జాకెట్‌లో చిల్డ్ వాటర్ 20 డిగ్రీలైతే వేడిని లాగగలిగేది 52 కిలోవాట్లు. అంటే ఒక్క క్షణం కూడా వృథా కాకుండా వేసినా దాదాపు గంటా 55 నిమిషాలు పడుతుంది. జాకెట్‌లో కూలింగ్ టవర్ నీరు 30 డిగ్రీల దగ్గర తిరుగుతుంటే అదే పని 35 కిలోవాట్లతో జరగాలి, 2 గంటల 50 నిమిషాలు. టవర్ నీరు ఎంత చల్లబడుతుందన్నది ఎండ మీద కంటే గాలిలోని తేమ మీద ఎక్కువ ఆధారపడుతుంది. కాబట్టి ఫిబ్రవరిలో సరిపోయిన ఎడిషన్ టైమ్ (బ్రోమైడ్ వేసే సమయం) జులైలో సరిపోకపోవచ్చు. ఈ రెండు అంకెలకు భద్రతా మార్జిన్ కలిపి 4 నుంచి 6 గంటలు పెట్టుకోవడం సబబు. ల్యాబ్‌లో అరగంటలో వేసిన వాళ్లు ప్లాంట్ టైమ్ చూసి ఆశ్చర్యపోతారు. కారణం కెమిస్ట్రీలో లేదు, చదరపు మీటర్లలో ఉంది. ల్యాబ్‌లోనే ఆరు గంటలు వేసి చూసి, అంతసేపు గ్రిన్యార్డ్ నిలబడుతుందో లేదో తేల్చుకుని ప్లాంట్‌కు ఇవ్వాలి.

భయపడి బ్రైన్ (చల్లటి ఉప్పునీరు) పెట్టి 10 డిగ్రీలకు దించడం దీనికి మందు కాదు, ప్రమాదం. రియాక్షన్ నిద్రపోతుంది, బ్రోమైడ్ పోగుపడుతుంది, తర్వాత ఒక్కసారిగా లేస్తుంది. 40–50 దగ్గర చురుగ్గా ఉంచి, వేసినదాన్ని వేసినట్టే తినేలా చూడడమే క్షేమం.

మెగ్నీషియం ఎక్కువ వేయడం ఇంకో అలవాటు. 1.1 ఈక్వివలెంట్ వేస్తే 1,200 మోల్స్ బ్యాచ్‌లో 120 మోల్స్ మిగులుతుంది. దాన్ని యాసిడ్‌తో క్వెంచ్ చేస్తే (చురుకు చంపేస్తే) గది ఉష్ణోగ్రతలో దాదాపు 2.9 ఘనమీటర్ల హైడ్రోజన్. వెంట్ తెరిచి, నైట్రోజన్ నిరంతరం ఊదుతూ, క్వెంచ్ రియాక్టర్‌లోకి నెమ్మదిగా పంపకపోతే అది ఆటలాడే పరిమాణం కాదు. 1.03 సరిపోతుంది. మిగిలిన తురుమును రియాక్టర్‌లోనే వదిలి ద్రావణాన్ని మాత్రం బదిలీ చేస్తే, తర్వాతి బ్యాచ్‌కు అదే చురుకైన మెగ్నీషియం.

క్వెంచ్‌లో మెగ్నీషియం హైడ్రాక్సైడ్ జిగటగా మారి లేయర్లు విడిపోకపోవడం మూడో ఇబ్బంది. సిట్రిక్ యాసిడ్ వాడితే మెగ్నీషియం కరిగే ఉంటుంది. సాల్వెంటు 2-మిథైల్ టీహెచ్‌ఎఫ్ అయితే ఇంకా మేలు. కిలో ధర టీహెచ్‌ఎఫ్ కంటే ఎక్కువే. కానీ టీహెచ్‌ఎఫ్ నీటితో పూర్తిగా కలిసిపోతుంది కాబట్టి వర్కప్‌కు టోలుయినో ఇథైల్ ఎసిటేటో మళ్లీ కావాలి, రికవరీలో మూడు సాల్వెంట్ల ఖిచిడీ మిగులుతుంది. 2-మిథైల్ టీహెచ్‌ఎఫ్ 80 డిగ్రీలకు మరుగుతుంది, నీటి నుంచి విడిపోతుంది, నీటితో కలిసి 71 డిగ్రీల దగ్గర పదో వంతు నీటిని వెంట తీసుకుని పోతూ తనంతట తాను ఎండుతుంది. రెండూ పెరాక్సైడ్లు చేస్తాయి కాబట్టి స్వేదనం చేసే ముందు పెరాక్సైడ్ పరీక్ష తప్పనిసరి.

మొదలవడం అన్న గండమే వద్దనుకుంటే పాల్ క్నోషెల్ బృందం 2004లో ఇచ్చిన ఐసోప్రొపైల్ మెగ్నీషియం క్లోరైడ్-లిథియం క్లోరైడ్ ఉంది. ఇది బ్రోమిన్‌ను మెగ్నీషియంతో మార్పిడి చేస్తుంది, లోహపు తురుము అవసరమే లేదు, నైట్రైల్, ఎస్టర్ లాంటివి కూడా చాలావరకు తట్టుకుంటాయి. రీయేజెంట్ ఖర్చు పెరుగుతుంది. చిన్న బ్యాచ్, ఖరీదైన ప్రొడక్టు అయితే ఇది నయం. టన్నుల్లో అయితే మెగ్నీషియం తురుమే.

జింకు, ఇనుము, క్రోమియం

జింకుకు ప్లాంట్‌లో వచ్చే చిక్కు బరువు. సాంద్రత 7.1, మెగ్నీషియానికి 1.7. గ్లాస్‌లైన్డ్ రియాక్టర్‌లో వంపు రెక్కల స్టిర్రర్ జింకు పొడిని లేపలేదు. అది అడుగు వాల్వ్ దగ్గర గుట్టగా పడుకుంటుంది. పైన ద్రవంలో రియాక్షన్ నడవడం లేదని తీర్మానించే ముందు స్టిర్రర్ రకం, వేగం చూడాలి. రిఫర్మాట్‌స్కీ లాంటి జింకు రియాక్షన్లు స్టీల్ రియాక్టర్‌లో, అడుగుకు దగ్గరగా వాలు రెక్కల స్టిర్రర్‌తో పెట్టుకోవడం మంచిది. యాక్టివేషన్‌కు ట్రైమిథైల్‌సిలైల్ క్లోరైడ్ కొద్దిగా సరిపోతుంది.

ఇనుముతో నైట్రో రిడక్షన్ 1854 నాటి బెషాంప్ పద్ధతి. ఇప్పటికీ బతికే ఉంది, ఎందుకంటే ఆటోక్లేవ్ అక్కర్లేదు, హాలోజన్ ఊడదు. కానీ లెక్క చూడండి. నాలుగు నైట్రో అణువులకు తొమ్మిది ఇనుము పరమాణువులు కావాలి, మూడు అణువుల నల్ల ఐరన్ ఆక్సైడ్ మిగులుతుంది. అణుభారం 200 ఉన్న ఎమీన్ 100 కిలోలకు, అంటే 500 మోల్స్‌కు, కనీసం 63 కిలోల ఇనుము, 87 కిలోల పొడి మడ్డి. వాస్తవంలో 3 ఈక్వివలెంట్లకు పైగానే వేస్తారు. హైఫ్లో, తడి, సాల్వెంటు కలుపుకుంటే మడ్డి సరుకు బరువును దాటేస్తుంది, అందులో ఎమీన్ కొంత ఇరుక్కుపోతుంది. దాన్ని వేడి సాల్వెంటుతో రెండుసార్లు కడగాలి, లారీ కట్టి దుండిగల్ వ్యర్థాల కేంద్రానికి పంపాలి. ఇనుము కిలో ధర మాత్రమే చూసే వాళ్లకు ఈ ఖర్చు షీటులో కనిపించదు. హాలోజన్ లేని నైట్రో అయితే పలాడియం కార్బన్‌తో హైడ్రోజినేషన్, హాలోజన్ ఉంటే గంధకంతో మందగింపజేసిన ప్లాటినం కార్బన్. ఉత్ప్రేరకం ఖరీదైనదే, కానీ వచ్చే వ్యర్థం నీళ్లు మాత్రమే.

మోలుకు మోలు పట్టే లోహాన్ని ఉత్ప్రేరకంగా మార్చడానికి చక్కటి దారి చూపింది, క్రోమియంతో హాలైడ్‌ను ఆల్డిహైడ్‌కు అతికించే నొజాకి-హియామ-కిషి రియాక్షన్. క్యాన్సర్ మందు ఎరిబ్యులిన్ తయారీలో వాడే ఈ రియాక్షన్‌కు ప్రతి హాలైడ్‌కూ కనీసం రెండు మోల్స్ క్రోమియం(II) క్లోరైడ్ పోతుంది, నిజానికి ఇంకా చాలా ఎక్కువ వేస్తారు. 1996లో ఫ్యుర్స్ట్‌నర్ క్రోమియాన్ని ఉత్ప్రేరక మోతాదుకు దించారు. ఎలక్ట్రాన్లు ఇచ్చే పని చవకైన మాంగనీసు పొడికి అప్పగించి, ప్రొడక్టుకు అతుక్కున్న క్రోమియాన్ని ట్రైమిథైల్‌సిలైల్ క్లోరైడ్‌తో విడిపించారు. ఖరీదైన లేదా విషపూరితమైన లోహం ఏ మెట్టులో ఇరుక్కుంటోందో పట్టుకుని, దాన్ని విడిపించే చవక వస్తువును వెతకడం. లోహం ఏదైనా ఈ ఆలోచన వర్తిస్తుంది.

ఇదే రియాక్షన్‌లో 1986లో ఇంకో విషయం బయటపడింది. కొన్ని లాట్ల క్రోమియం క్లోరైడ్‌తోనే రియాక్షన్ నడవడానికి కారణం, అందులో మలినంగా ఉన్న నికెల్. అలాంటివే తర్వాతా వచ్చాయి. లోహమే లేకుండా సుజుకి నడిచిందని 2003లో ప్రకటించిన లెడ్‌బీటర్ బృందం, 2005లో దాన్ని నడిపించింది కొన్న సోడియం కార్బొనేట్‌లోని సుమారు 50 పీపీబీ పలాడియమని తేల్చింది. ఇనుముతో అన్న కొన్ని కప్లింగ్‌ల వెనక రాగి మలినం ఉందని 2009లో బుక్‌వాల్డ్, బోల్మ్ చూపించారు. అందుకే చవక లోహంతో పని జరిగిందని ప్లాంట్‌కు ఇచ్చే ముందు ఆ లోహాన్నీ బేస్‌నూ ఇద్దరు వేరువేరు సప్లయర్ల నుంచి తెప్పించి, కొత్త ఫ్లాస్కులో, కొత్త స్టిర్రర్ బార్‌తో నడిపి, ఐసీపీ-ఎంఎస్ చూడాలి. పాత స్టిర్రర్ బార్ గీతల్లో కూర్చున్న పలాడియం కూడా ఇలాంటి అబద్ధం చెప్పగలదు.

అప్పుడు లోహం మార్చడం

నికెల్ పలాడియం కంటే వెయ్యి రెట్లకు పైగా చవక. అయినా పై బ్యాచ్‌లో పెట్టి చూద్దాం. నికెల్‌తో 5 శాతం లోడింగ్ మామూలు, 20 మోల్స్, అంటే 1.17 కిలోల నికెల్. అంతా ప్రొడక్టుతో వస్తే 13,800 పీపీఎం. నికెల్ హద్దు రోజుకు సుమారు 200 మైక్రోగ్రాములు, 10 గ్రాముల మోతాదుకు 20 పీపీఎం. అంటే 690 రెట్లు దించాలి. 0.3 శాతం పలాడియం అయితే 150 రెట్లు చాలు. కొన్న ధరలో మిగిలింది శుద్ధి దగ్గర కొంత పోతుంది. నికెల్‌ను యాసిడ్ వాష్‌తో, ఈడీటీఏతో కడగడం పలాడియం కంటే తేలికే కాబట్టి లెక్క పూర్తిగా తలకిందులవదు, కానీ వేసి చూడాలి. ఎరైల్ క్లోరైడ్లు, ఫినాల్ నుంచి వచ్చే ఎస్టర్లు వాడగలిగినప్పుడు నికెల్ నిజంగా గెలుస్తుంది, ఎందుకంటే అక్కడ మిగిలేది లోహం మీద కాదు, ముడిసరుకు మీద. గాలి తగిలితే పాడయ్యే నికెల్ కాంప్లెక్సుల జోలికి ప్లాంట్‌లో పోకుండా, గాలిలో నిలిచే ఫాస్ఫీన్ నికెల్ డైక్లోరైడ్లు వాడాలి.

ఇనుముకు 2002లో ఫ్యుర్స్ట్‌నర్ చూపిన దారి ఉంది. ఐరన్ ఎసిటైల్ ఎసిటోనేట్ 5 శాతం, ఎరైల్ క్లోరైడ్, ఆల్కైల్ గ్రిన్యార్డ్, నిమిషాల్లో పూర్తి. అందులోని ఎన్‌ఎంపీ సంతానోత్పత్తికి హాని చేసే సాల్వెంటు కావడం ఒక్కటే లోటు. రాగితో సి-ఎన్ కప్లింగ్‌కు కాపర్ అయోడైడ్ 5–10 శాతం, డైఎమీన్ లైగాండ్, పొటాషియం ఫాస్ఫేట్ చాలు. రాగి హద్దు పలాడియం కంటే 30 రెట్లు వదులు, అమోనియా నీటితో కడిగితే నీలంగా మారి కిందికి దిగుతుంది. ఇక్కడ తరచూ తప్పేది ఫాస్ఫేట్ గింజ సైజు. ల్యాబ్‌లో అయస్కాంత బార్ దాన్ని నూరుతుంది, రియాక్టర్ నూరదు. పొడి చేసిన ఫాస్ఫేట్ కొనాలి, లేదా మిల్లింగ్ స్టెప్పు పెట్టాలి.

రికవరీ సాల్వెంటు

ఖర్చు తగ్గించడంలో చివరగా అందరూ చేసేది, సరిగా చేయనిది రికవరీ సాల్వెంటు వాడకం. 1,000 లీటర్ల గ్రిన్యార్డ్ బ్యాచ్‌లో 800 లీటర్ల 2-మిథైల్ టీహెచ్‌ఎఫ్ ఉంటుంది, అంటే 684 కిలోలు. నీరు 0.05 శాతం ఉంటే 19 మోల్స్, 1,200 మోల్స్ గ్రిన్యార్డ్‌లో 1.6 శాతం పోయినట్టు. తట్టుకోవచ్చు. కానీ అదే ట్యాంకులోకి వేరే స్టెప్పు ఐపీఏ కొంచెం కలిసి 0.5 శాతం ఉంటే 3.4 కిలోలు, 57 మోల్స్. దాదాపు 5 శాతం గ్రిన్యార్డ్ పోయింది. కేఎఫ్ మాత్రం బాగుందనే చెబుతుంది, ఎందుకంటే అది నీటినే చూస్తుంది. రికవరీ సాల్వెంటుకు కేఎఫ్‌తో పాటు జీసీలో (గ్యాస్ క్రొమటోగ్రఫీలో) ఆల్కహాల్ మొత్తం 0.1 శాతం లోపు అన్న స్పెసిఫికేషన్ పెట్టాలి. ప్రతి కొత్త లాట్‌తో ల్యాబ్‌లో 10 గ్రాముల బ్రోమైడ్ మీద గ్రిన్యార్డ్ చేసి, ఐసోప్రొపనాల్‌తో 1,10-ఫినాంత్రోలిన్ సూచికగా టైట్రేట్ చేయాలి. లెక్కలో రావాల్సినదాంట్లో 95 శాతం కంటే తక్కువ వస్తే ఆ లాట్‌ను గ్రిన్యార్డ్‌కు వాడకుండా కప్లింగ్ వర్కప్‌కు మళ్లించాలి.